సీసం తక్కువైన నవల

మన తూనికలు, కొలతల శాఖ మంత్రివర్యులు నవల రాశారన్న శుభవార్తను ప్రభుత్వం సోమవారం ఉదయం పదకొండు గంటలకు అధికారికంగా ప్రకటించింది. ప్రకటనలో మూడు పేరాలున్నాయి. నవల రాయబడినట్టు మొదటి పేరాలో, దాన్ని మంత్రిగారే రాసినట్టు రెండో పేరాలో, ఈ విషయంలో ఎవరికైనా అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాతమూలకంగా తెలియజేయాలని మూడో పేరాలో ఉంది. అభ్యంతరాలేవీ రాలేదు. ఒక్క అభ్యంతరం కూడా లేకుండా వెలువడిన మొట్టమొదటి నవల ఇదేనని మంత్రిగారి పి.ఎ. నాతో అన్నాడు. సాహిత్య చరిత్ర నాకు తెలియదు కాబట్టి ఒప్పుకున్నాను.

నేను త్రాసులు బాగుచేసేవాణ్ణి. డిగ్రీ చదివాను. చదివిన తర్వాత మా నాన్న బల్ల మీదే కూర్చున్నాను. బల్ల మార్కెట్టు గేటు పక్కన, మా అక్క ఉల్లిపాయల కొట్టుకు ఆనుకొని ఉంటుంది. నా పని చెప్పుకోడానికి చిన్నదే. ఇనప తూకపు రాయి అడుగున ఒక గుంట ఉంటుంది. రాయి వాడగా వాడగా అరిగి బరువు తగ్గితే, ఆ గుంటలో కాస్త సీసం కరిగించి పోస్తాను. ఇన్‌స్పెక్టరు వచ్చి తూచి, ఆ సీసం మీద ప్రభుత్వ ముద్ర కొడతాడు. ఆ రోజునుంచి రాయి మళ్లీ నిజం చెబుతుంది.

మంత్రిగారి నవల పుట్టినచోట నేను స్వయంగా ఉన్నాను. అదృష్టం అలా కలిసివచ్చింది. ఊరి చివర కొత్త చర్చి ప్రారంభానికి మంత్రిగారిని పిలిచారు. అక్కడి పాస్టరుగారు కథ చెప్పేటప్పుడు జనానికి చూపించడానికి ఒక పాత త్రాసు కావాలని నన్ను అడిగితే పట్టుకెళ్లాను. కథ మీరూ విన్నదే. పూర్వం ఒక రాజు పెద్ద విందు చేశాడు. దేవుడి గుడినుంచి దోచుకొచ్చిన బంగారు గిన్నెల్లో తాగుతూ కూర్చున్నాడు. అంతలో ఒక చెయ్యి, వట్టి చెయ్యే, గోడ మీద ఏదో రాసింది. ఆస్థాన పండితులకు ఆ రాత కొరుకుడు పడలేదు. చెరలో ఉన్న ఒక పెద్దాయన్ని పిలిపిస్తే ఆయన చదివి చెప్పాడు: రాజా, నీ రోజులు లెక్కపెట్టేశారు, నిన్ను త్రాసులో పెట్టి చూశారు, నువ్వు తక్కువ తూగావు, నీ రాజ్యం వేరేవాళ్లకి పోతుంది. తెల్లారేసరికి రాజు లేడు.

జనం తలలు వంచుకున్నారు. మంత్రిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. సభ అయ్యాక నన్ను దగ్గరికి పిలిచారు.

"ఆ త్రాసుకి ముద్ర ఉందా?"

"ఉందండీ. మొన్ననే కొట్టించాను."

"నీది కాదయ్యా. ఆ రాజుని తూచిన త్రాసు."

తెలీదండీ, పాత కథ కదా అన్నాను.

"చూశావా," అన్నారు మంత్రిగారు, పి.ఎ. వైపు తిరిగి. "ముద్ర లేని త్రాసులో తూచి ఒక ప్రభుత్వాన్ని దించేశారు. ఇన్ని వేల ఏళ్లలో ఒక్కడూ అడగలేదు. మరి మన శాఖ ఉన్నదెందుకు?"

ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికే ఆయన కలం పట్టారు. పట్టడమంటే, ఆయన చెప్పారు, పి.ఎ. పట్టాడు. పంతొమ్మిది రోజుల్లో, ఆఫీసు వేళల్లోనే నవల పూర్తయింది. దాన్ని చారిత్రక అద్భుత నవల అన్నారు. పాస్టరుగారు చెప్పినంతవరకు చారిత్రకం, చెప్పనిదంతా అద్భుతం.

నవలలో రాజుకి రెక్కల గుర్రం ఉంది. మొదటి ఐదువందల పేజీలూ విందు. వడ్డించినవాటి పేర్లే నలభై పేజీలు వచ్చాయి. మంత్రిగారికి బాగా అనుభవమున్న విషయం కాబట్టి ఆ పేజీల్లో జీవం ఉట్టిపడుతుందని పి.ఎ. అభిప్రాయం. ఐదువందల పన్నెండో పేజీలో చెయ్యి వస్తుంది, గోడ మీద రాస్తుంది, ముసలాయన చదువుతాడు. అక్కడ ఒక దళసరి కాగితం మీద రంగుల బొమ్మ. త్రాసులో కూర్చున్న రాజు. రాజు మీసం, మంత్రిగారి మీసం ఒకలాగే ఉండడం చిత్రకారుడి ప్రతిభ.

బొమ్మ తర్వాతే అసలు కథ. రాజు బెదరడు. నన్ను తూచిన త్రాసుకి ముద్ర ఏదని గోడనే నిలదీస్తాడు. విచారణ సంఘం కూర్చుంటుంది. ముద్రలేదని తేలుతుంది. ముద్ర ఉన్న త్రాసు తెప్పించి మళ్లీ తూస్తే రాజు కూర్చున్న తట్ట నేలకి తాకుతుంది. చెయ్యి క్షమాపణ చెప్పుకుంటుంది. రాజు పెద్ద మనసుతో ఆ చేతికి తూనికల శాఖలో గోడలమీద రాసే ఉద్యోగం, పర్మనెంటుగా, వేయిస్తాడు.

ఇంతటి నవలను అచ్చుకు పంపాలి. ఫైలు మీద మంత్రిగారు స్వహస్తాలతో ఒకే వాక్యం రాశారు: "దీన్ని వెంటనే ముద్రకు పంపవలెను."

ముద్రణ అనే మాటలో అక్షరం ఒకటి తగ్గింది. వేరే శాఖలో అయితే ఫైలు ప్రెస్సుకి పోయేదే. తూనికల శాఖలో ముద్ర అంటే ఒకటే ముద్ర. ఫైలు సరాసరి కంట్రోలరు బల్ల మీదికి వెళ్లింది. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో పై అధికారి రాసిన మాటకి రెండో అర్థం వెతికిన మనిషి కాదు. పి.ఎ.కి ఫోను చేశాడు. అప్పుడు నేను పి.ఎ. గదిలో గోడ గడియారం బాగుచేస్తున్నాను. త్రాసులు చూసేవాడికి గడియారం రాదా అని పిలిపించారు.

"మంత్రిగారు ముద్రకు పంపిన వస్తువు బరువెంతండీ?" అని అడిగాడు కంట్రోలరు.

"మంత్రిగారి రచన సార్. బరువైన రచన."

"అదే, ఎంత బరువు?"

తెలీదంటే నవల చదవలేదని పట్టుబడతాడు. పి.ఎ. కిటికీలోంచి ఒకసారి బయటికి చూసి, "ఒక కిలో వేసుకోండి," అన్నాడు.

కంట్రోలరు వేసుకున్నాడు. మూడో రోజుకి ఉత్తర్వు వచ్చేసింది: మంత్రిగారి నవల ఒక కిలో ప్రమాణ తూకముగా గుర్తించబడినది.

జరిగింది తెలిసి పి.ఎ. మంత్రిగారి దగ్గరికి పరుగెత్తాడు. మంత్రిగారు మాత్రం ఒక కప్పు టీ పూర్తయ్యేదాకా ఆలోచించారు. చివరి గుక్క మింగి, "నవలలు చదివేవాళ్లెంతమంది?" అన్నారు.

"తక్కువే సార్."

"ఉల్లిపాయలు కొనేవాళ్లు?"

పి.ఎ. చేతులు కట్టుకున్నాడు. ప్రతి ఇంటికీ సాహిత్యాన్ని చేర్చే మార్గం అలా దొరికింది. మార్కెట్లలో ఇనప కిలో రాళ్లన్నీ ప్రభుత్వానికి అప్పగించాలి, వాటి స్థానంలో నవలతో తూచాలి, నెలరోజులు గడువు. అరకిలో కావాలంటే ఎలాగని ఒక విలేకరి అడిగాడు. నవల సంక్షిప్త రూపం తర్వాత వస్తుందని మంత్రిగారు సెలవిచ్చారు.

నమూనా ప్రతి తయారైంది. తూచడానికి ఇన్‌స్పెక్టరు అరగ్రామును పిలిచారు. అరగ్రాము అనేది ఆయన పేరు కాదు. అరగ్రాము తేడా వచ్చిందని పిల్లనిచ్చిన మామగారి కొట్టు మీదే కేసు రాసినప్పటినుంచి మార్కెట్టంతా ఆయన్ని అలాగే అంటుంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకొని, ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూసి, ఎనిమిది వందల గ్రాములు అన్నాడు.

మంత్రిగారి నవల రెండు వందల గ్రాములు తక్కువ తూగింది. ఇలాంటివాటికి లైసెన్సున్నవాణ్ణి నేనే కాబట్టి నాకు కబురొచ్చింది.

"ఏమయ్యా త్రాసులాయనా, ఇప్పుడేం చేద్దాం?" అన్నారు మంత్రిగారు.

నవలని అటూ ఇటూ తిప్పి చూశాను. అలవాటు కొద్దీ అడుగున గుంట ఉందేమోనని కూడా చూశాను. "దీన్లో సీసం తక్కువైందండీ," అన్నాను. "సీసం పడితే సరిపోతుంది."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. నావైపు అలా చూసిన పెద్దమనిషి అంతకుముందు లేడు, ఆ తర్వాతా లేడు.

"అనుకుంటూనే ఉన్నాను. వచనం మరీ ఎక్కువైపోయిందని నాకూ లోలోపల పీకుతూనే ఉంది. నీకున్నపాటి అభిరుచి మా శాఖలో ఒక్కడికీ లేదయ్యా. ఎంత సీసం కావాలంటావు?"

"రెండు వందల గ్రాములండీ."

"పద్యాల్లో చెప్పు."

అప్పుడు అర్థమైంది నాకు. నేనన్నది కొలిమిలో కరిగే సీసం, ఆయన విన్నది బళ్లో చదివిన సీస పద్యం. సరిదిద్దుదామని నోరు తెరిచాను. అరగ్రాము నా కాలు తొక్కాడు. తెరిచిన నోటితోనే లెక్క కట్టాను. కాగితం ఒకటి రెండున్నర గ్రాములు, పేజీకో పద్యం, కాగితానికి రెండు పేజీలు. "నూట అరవై అండీ."

"సీసాలు నూట అరవై," అని మంత్రిగారు పి.ఎ.తో రాయించారు. పి.ఎ. ఆ కాగితాన్ని స్టోర్సుకి పంపాడు. స్టోర్సు గుమాస్తా పైకొచ్చి, ఖాళీవా నిండువా అని అడిగాడు. ఆ గుమాస్తాని కొలతల విభాగానికి బదిలీ చేశారు. లీటర్లు ఆ విభాగంలోనే ఉంటాయట.

పద్యాలు పదకొండు రోజుల్లో వచ్చాయి. దాదాపు అన్నీ రెండో సగంలోనే పడ్డాయి. రాజు సీసంలో ఆజ్ఞాపించాడు. విచారణ సంఘం సీసంలో నివేదిక ఇచ్చింది. గుర్రం సీసంలో సకిలించింది. యతి పడాల్సిన చోట పడలేదని తెలుగు మాస్టారొకాయన గొణిగాడు గాని, బరువు పడాల్సిన చోట పడింది. ఇంకా అరగ్రాము తక్కువుందని అరగ్రాము అన్నాడు. మంత్రిగారు మొదటి పేజీలో చిక్కటి సిరాతో సంతకం చేశారు. ముల్లు మధ్యకొచ్చి నిలబడింది. అట్ట మీద ముద్ర పడింది.

పుస్తకం ఇప్పుడు ఇటుకరాయంత లావైంది. అంత లావు ఒక్క కుట్టుకి ఆగదని బైండరు దాన్ని రెండు సగాలుగా కుట్టి, మధ్యలో ఆ దళసరి బొమ్మ పెట్టి జిగురుతో అతికించాడు. అది బైండరు సొంత ఆలోచన. దానికి ఆయన్ని ఎవరూ పొగడలేదు.

మార్కెట్లో ఇనప రాళ్లు బస్తాలకెత్తారు. వాటిని కరిగించి నాలుగురోడ్ల కూడలిలో మంత్రిగారి కలానికి విగ్రహం పోశారు. ఉత్సాహంలో శాఖవారి సొంత బీరువాలో ఉండే అసలు కిలో రాయి, మిగతా రాళ్లన్నిటినీ దేనితో పోల్చి చూస్తారో ఆ రాయి, అది కూడా కొలిమిలోకి వెళ్లిపోయింది. పాళీకి కాస్త ఇనుము తగ్గిందట.

వ్యాపారులు నవలను రెండు చేతులా స్వీకరించారు. ఒక పత్రిక దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుంటే కింద పెట్టలేమని రాసింది. మా మార్కెట్లో రోజుకి వందసార్లు చేతిలోకి తీసుకొని వందసార్లూ కిందపెట్టేవారు. ఒక్కొక్కరు రెండేసి ప్రతులు కొన్నారు. రైతుదగ్గర సరుకు కొనేటప్పుడు తూచే ప్రతి తడి గోనె కింద ఉండేది. జనానికి అమ్మేటప్పుడు తూచే ప్రతి ఎండలో ఉండేది. ఒకే నవలను ఇలా రెండు కోణాల్లోంచి చూడడం గొప్ప నవలలకే సాధ్యమని మంత్రిగారి సన్మాన సంచికలో తర్వాత చదివాను.

ఇలా ఉండగా బెండకాయల వ్యాపారి ఒకడికి రంగుల బొమ్మ నచ్చింది. గోడకి అంటించుకుందామని లాగాడు. బొమ్మతోపాటు దాని వెనకున్న సగం నవల, విచారణ సంఘం దగ్గర్నుంచి గుర్రం సకిలింపు దాకా, ఒక్క ముద్దగా ఊడి చేతిలోకొచ్చింది. మూడువందల డెబ్భై గ్రాములు. ముద్ర ఉన్న అట్ట మాత్రం చెక్కు చెదరలేదు, ఎందుకంటే అది ముందువైపు అట్ట. సాయంత్రానికి మార్కెట్టంతా బొమ్మలు లాగేసింది. అలా ఊడిన సగాలు పాత కాగితాలవాడి బండెక్కి, అక్కడినుంచి పొట్లాలకి మా అక్క కొట్టుకే వచ్చాయి.

మా అక్క గురించి చెప్పాలి. మార్కెట్లో ఇంకా ఇనప రాయితో తూస్తున్నది ఆమె ఒక్కతే. అది మా అమ్మ రాయి. ఇరవై ఏళ్లలో నేను దాంట్లో చిటికెడు సీసం కూడా పోయలేదు, అవసరం రాలేదు. అక్క తూకం ఎప్పుడూ కొన్నవాళ్లవైపే మొగ్గుతుంది. తట్ట కాస్త వంగాక ఇంకో చిన్న ఉల్లిపాయ పడేస్తుంది. జనానికి తేడా తెలిసిపోయింది. కొట్టు ముందు వరస పెరిగింది. పక్క కొట్లవాళ్లు పిటిషను పెట్టారు. ఈ ఆడమనిషి ప్రభుత్వ సాహిత్యాన్ని వాడడంలేదు అని.

నోటీసు పట్టుకొని అరగ్రామే వచ్చాడు. వచ్చే ఆదివారం మైదానంలో మంత్రిగారికి సన్మానం. ఆ వేదిక మీద, పదిమంది ముందు, అక్క రాయి అప్పగించి నవల అందుకోవాలి. లేకపోతే సోమవారం కొట్టుకి సీలు. ఆ కొట్టు మీదే అక్క ఇల్లు నడుస్తోంది. బావ పోయినప్పటినుంచీ అంతే. అరగ్రాము నోటీసు చదివి వినిపించి, ఉల్లిపాయల బస్తా మీద కూలబడ్డాడు.

"నేను ఉద్యోగస్తుణ్ణమ్మా," అన్నాడు.

"తెలుసులే బాబూ. మంచినీళ్లు తాగు."

ఆయన వెళ్లాక అక్క నాతో, "అమ్మ నాకిచ్చినవి రెండే. ఈ రాయీ, నువ్వూ. రాయి ఇంకా అరగలేదు," అంది. నేను తల వంచుకొని ఎవరిదో త్రాసు గొలుసుకి నూనె వేశాను. ఇచ్చెయ్యక్కా, నవలతోనే తూచుకుందాం, నువ్వు బొమ్మ లాగకుండా ఉంటే అదీ కిలోయే కదా అని నచ్చజెప్పాను.

"వానొస్తే?"

అక్క ఒక పొట్లం కాగితం తీసి అందులోకే చూస్తూ, "ఈ చెయ్యి ఉద్యోగంలో చేరిందట్రా," అంది. "మొదట్లో ఏం తప్పు చేసిందో తెలీదు గాని, చివర్లో తెగ ఏడుస్తుంది. ముందు పేజీలు నాకు రావడంలేదు."

ఆదివారం సన్మానం మాటలతో చెప్పనలవి కాదు గాని చెబుతాను. మంత్రిగారిని ఆయన నవలలతోనే తూచి, తూగినన్ని ప్రతులు గ్రంథాలయాలకి పంచాలని ఏర్పాటు. పెద్ద త్రాసు నేనే చేశాను. పాత వంతెన దూలం, ఓడ గొలుసులు, తలుపు చెక్కలతో రెండు తట్టలు. మంత్రిగారి బరువు ఎనభై నాలుగు. కాబట్టి ఎనభై నాలుగు ప్రతులు చాలు. కొత్త ప్రతులన్నీ అమ్ముడైపోవడంతో పి.ఎ. మార్కెట్టు కొట్లలోంచి నూట ఇరవై ప్రతులు, ఎందుకైనా మంచిదని, లారీలో తెప్పించాడు. ప్రజల చేతుల్లో నలిగిన ప్రతులైతే ఇంకా గౌరవం అన్నాడు.

"పుస్తకాలు కాస్త చిక్కాయండీ," అన్నాను, దించుతుండగా.

"జనం చదివి చదివి చిక్కాయి," అన్నాడు పి.ఎ.

మంత్రిగారు దండలు తీసి పక్కన పెట్టించారు. తూకంలో నిజాయితీ ఉండాలన్నారు. తట్టలో కూర్చున్నారు. తట్ట నేలకి ఆనింది. రెండో తట్టలో పుస్తకాలు పేర్చసాగారు. మైకులో లెక్క చెబుతున్నారు. ఎనభై నాలుగు అన్నప్పుడు బ్యాండు మొదలైంది. తట్ట కదల్లేదు. బ్యాండు ఆగింది. తొంభై. నూరు. జనం చప్పట్లు అందుకున్నారు. నూట పది. మంత్రిగారు తట్టలోంచే చేతులు జోడించారు. నూట ఇరవై అయింది. పుస్తకాలు అయిపోయాయి. పుస్తకాల తట్ట ఇంకా గాల్లోనే ఊగుతోంది, అట్టలు టపటపలాడుతున్నాయి. మంత్రిగారు నేలమీదే ఉన్నారు.

మైకాయన గొంతు పెంచాడు. "నూట ఇరవై నవలలు కూడా తూగలేని మహామనిషి. అచ్చం ఆయన రాసిన రాజులాగే," అన్నాడు. చప్పట్లు మిన్నంటాయి. నా పక్కనున్న అరగ్రాము మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

తర్వాతి అంశం మా అక్క. రాయి చీరకొంగులో కట్టుకొని వేదిక ఎక్కింది. మంత్రిగారు తట్టలోనే మంచి ఊపులో ఉన్నారు.

"ఏమ్మా, చదువొచ్చా?"

"పొట్లం కాగితాలు చదువుతానండీ."

"అయితే ఇవాళ పుస్తకం చదువు. ఆ పైనున్న ప్రతి తీసుకో. ఆఖరి పేజీ, మైకులో, గట్టిగా. నిన్ను చూసి పదిమంది నేర్చుకోవాలి."

అక్క రాయిని వేదిక మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకొని, పుస్తకం తీసి ఆఖరి పేజీ తెరిచింది. ఒక్కొక్క మాటా కూడబలుక్కొని చదివింది. "అప్పుడా వృద్ధుడు గోడవైపు చూపి ఇట్లనెను. రాజా, నీ దినములు లెక్కింపబడినవి. నీవు త్రాసులో తూచబడితివి. తక్కువ తూగితివి." పేజీ తిప్పింది. అటువైపు జిగురు మరక ఉంది. "అంతేనండీ. అయిపోయింది."

జనం వేదికవైపు ఒకడుగు జరిగారు.

"ఇంకోటి తియ్," అన్నారు మంత్రిగారు.

పి.ఎ. పరుగున వెళ్లి ఇంకో ప్రతి తీశాడు. ఆఖరి మాట: తక్కువ తూగితివి. మూడోది తీశాడు. తక్కువ తూగితివి. నాలుగో ప్రతిని తనలో తనే చదువుకొని మెల్లగా తట్టలో పెట్టేశాడు.

"ఎవడు రాశాడిది?" అన్నారు మంత్రిగారు.

"మీరే సార్."

"నేను దాని తర్వాత మూడువందల పేజీలు రాశాను. అవేవి?"

పి.ఎ. నన్ను చూశాడు. నేను అరగ్రామును చూశాను. అక్కే చెప్పింది. "జనం ఇళ్లకెళ్లిపోయాయండీ. నా ఉల్లిపాయలతో పాటు. బాగా ఏడిపించారు అందులో."

మంత్రిగారు కాసేపు కళ్లు మూసుకున్నారు. గొప్ప రచయిత తన పాత్రలోకి ఎలా ప్రవేశిస్తాడో ఆ రోజు కళ్లారా చూశాను. కళ్లు తెరిచి, గొలుసు పట్టుకొని, "ఈ త్రాసుకి ముద్ర ఉందా?" అన్నారు.

అరగ్రాము ముందుకొచ్చాడు. "లేదు సార్. త్రాసుకి ముద్ర వెయ్యాలంటే సరైన కిలోతో పరీక్షించాలి. మన బీరువాలోది కరిగిపోయింది. నవలల్లో..." అని గాల్లో ఊగుతున్న తట్ట చూసి ఆగాడు. "ఊరు మొత్తమ్మీద సరైన కిలో ఇక ఒక్కటే ఉంది సార్." వేదిక మీదున్న మా అక్క రాయి చూపించాడు.

"అయితే దాంతోనే పరీక్షించి ముద్ర కొట్టు. మళ్లీ తూద్దాం."

"అలాగే సార్. ఖాళీ త్రాసునే పరీక్షించాలి. తమరొకసారి దిగాలి."

ఆ మాట మైకులో వినబడింది. ముందు వరసలో కూర్చున్న ఇద్దరు మంత్రులు ఒకరినొకరు చూసుకున్నారు.

"దిగమని ఎవరన్నారు?" అన్నారు మంత్రిగారు, చాలా నెమ్మదిగా.

"నేనే సార్. రూలు."

"దిగను. నేను దిగితే నూట ఇరవై కిలోల తూకం రద్దయిపోతుంది. ముద్ర పడనీ, అప్పుడు దిగుతాను."

"తమరు దిగితేనే సార్ ముద్ర పడేది."

ఇది జరిగి మూడు వారాలైంది. తూకం కొనసాగుతున్నదని ప్రభుత్వం రోజూ పదకొండు గంటలకు అధికారికంగా ప్రకటిస్తోంది. తట్ట మీద గుడారం వేశారు. ఫైళ్లు అక్కడికే వస్తున్నాయి. సంతకం పెట్టిన ఫైళ్లు ఆయన ఒడిలోనే ఉంచుకుంటున్నారు, బరువుకి పనికొస్తాయని. అరగ్రాము ముద్రకోల ఒక చేత్తో, సుత్తి ఒక చేత్తో పట్టుకొని పొద్దుటినుంచి సాయంత్రందాకా పక్కనే నిలబడుతున్నాడు. నేను గొలుసులకి నూనె వేస్తున్నాను.

పరీక్షకి ఎప్పుడు అవసరమవుతుందో తెలీదు కాబట్టి మా అక్క రాయిని కరిగించరాదనీ, మైదానం దాటి తీసుకెళ్లరాదనీ కంట్రోలరు ఉత్తర్వు ఇచ్చాడు. రాయి కదలకూడదంటే కొట్టు కదలాలి. అక్క బస్తాలు మైదానానికి తెచ్చేసుకుంది. బేరం మునుపటికంటే బాగుంది. మంత్రిగారిని చూడ్డానికి వచ్చినవాళ్లు కిలో ఉల్లిపాయలు కొనుక్కొని పోతున్నారు.

నిన్న ఒకావిడ సంచీ పట్టుకొని, తట్టలో ఉన్న పెద్దమనిషిని కాసేపు తేరిపార చూసి, "ఎంత తూగాడక్కా?" అని అడిగింది.

అక్క చేతిలో ఉన్న చిన్న ఉల్లిపాయ ఆవిడ తట్టలో పడేసింది. ముల్లు ఆవిడవైపు మొగ్గింది.

"ముందు దిగనీ," అంది అక్క. "అప్పుడు తూద్దాం."